వీధిపోటు ఇంట్లో మూడు నిద్రలు

నరసరావుపేట,
11 ఆగస్టు 2024, ఆదివారం.

మాచర్ల అవతల అడవి అంచున ఆడపిల్లల హాస్టలుకి పెద్దదిక్కైన మా వదిన నాగరత్నమ్మకి, పేట నుంచి నీ మరదలు సుకన్య దణ్ణాలు పెట్టి రాసేది.

ఫోను చేద్దామంటే నీకు అందదు. సిగ్నలు కోసం గుట్ట ఎక్కమంటే నీ మోకాళ్లు నన్ను తిట్టుకుంటాయి. అందుకే కాగితం పట్టాను. సంగతి పెద్దది, కూర్చుని చదువు.

నేను ఇల్లు కొన్నాను వదినా! మేం ఉండడానికి కాదు, అద్దెకివ్వడానికి. బరంపేట చివర, రెండు గదులు, వంటిల్లు, పైన డాబా. ఇన్నేళ్లు జాకెట్లు కుట్టి దాచుకున్నది కొంత, బ్యాంకు లోను కొంత. అద్దెతో లోను తీరుతుంది. అది తీరాక ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. మిషను మీద కూర్చుని ఎన్నాళ్లుగానో కంటున్న కల ఇది. కాజాలు కుడుతుంటే నాకు గుడ్డ కనపడదు. వరసగా ఇళ్లు కనపడతాయి, ఒక్కో గుమ్మం ముందు ఒక్కో రకం ముగ్గు.

చవగ్గా ఎలా వచ్చిందంటావేమో, వీధిపోటు ఇల్లది. ఎదురు వీధి తిన్నగా వచ్చి మన గుమ్మానికే తగులుతుంది. అలాంటి ఇల్లు అచ్చిరాదని ఎవరూ ముందుకు రాలేదు. నాకు తెలిసిందల్లా ఆ వీధి పొడుగునా గాలి పరుగెత్తుకొచ్చి ముందు తలుపులో దూరి వెనక తలుపులోంచి పోతుందని. డాబా ఎక్కితే కోటప్పకొండ మూడు శిఖరాలూ కనపడతాయి. పొద్దున్నే ఆ కొండకి కాళ్లుండవు, మంచులో తేలుతూ ఉంటుంది.

మొన్న శ్రావణ శుక్రవారం నాడు పాలు పొంగించాను. ఒక్కదాన్నే. "వీధిపోటు ఇంట్లో నేను అడుగుపెట్టను. నీకేమన్నా పిచ్చా?" అని నీ తమ్ముడు రాలేదు. ఎదురింటి పెద్దావిడ వచ్చి, "పాలు పొంగించినదానివి మూడు నిద్రలు గూడా చెయ్యాల తల్లీ, లేకపోతే ఇల్లు నిన్ను ఒప్పుకోదు" అంది. రాత్రిపూట ఇల్లొదిలి ఎలా పోతాను? నిన్న మధ్యాహ్నం చాప చంకన పెట్టుకుపోయి ఒక నిద్ర చేసి వచ్చాను. పగటి నిద్ర లెక్కలోకి వస్తుందా వదినా?

ఎంత నిద్ర పట్టిందో! కలలో వెనక గదిలో ఇంకో తలుపు కనపడింది. తీస్తే ఇంకో గది, దాని వెనక ఇంకోటి. నేను కొనని గదులు. ఎవరో ఆడవాళ్లు బియ్యం కడుగుతూ "ఓనరమ్మా, పంపు వచ్చిందా?" అని అడుగుతున్నారు. ఓనరమ్మ అంటే ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను.

దిగులు ఒకటే. దీపావళికల్లా ఇల్లు అద్దెకు పోకపోతే అమ్మేయాలని నీ తమ్ముడు మాట తీసుకున్నాడు. వాళ్ల లారీ ఆఫీసు యజమాని కొని మిర్చి బస్తాలు వేసుకునే గోడౌను చేస్తాడట. సరేనన్నాను. నీ మేనకోడలు జాహ్నవి గుంటూరులో కాలేజీ హాస్టల్లో బాగానే ఉంది.

నీ దీవెన కోసం కాచుకుని,
సుకన్య.

*

హాస్టలు,
20 ఆగస్టు.

సుకన్యకి, వదిన ఆశీర్వదించి రాయడమేమంటే,

ఏమే, నన్ను మరీ అంత అమాయకురాలిని చేశావే! అద్దెకిచ్చే ఇంట్లో ఓనరు పాలు పొంగించుకోవడం ఎక్కడన్నా ఉందా? ఆ ఇంట్లో ఉండబోయేవాళ్లు పొంగించుకుంటారు. నిద్ర చేసేదీ వాళ్లే. చాప పట్టుకెళ్లావు, పాలు పొంగించావు, పడుకున్నావు, మొగుడు రాలేదు. దీన్ని వేరు కాపురం అంటారు తల్లీ, వ్యాపారం అనరు.

నేను ఈ హాస్టల్లో ఎన్ని బ్యాచుల పిల్లల్ని చూశాను! "అమ్మమ్మకి బాగాలేదు మేడం" అని లీవులెటర్ రాసి సినిమాకి పోయే పిల్ల మొహం నాకు కాగితంలోనే కనపడిపోతుంది. అద్దె, లోను, ఇంకో ఇల్లు, ఇవన్నీ నాకు చెప్పడానికి సిగ్గేసి అల్లిన కథలు. తమ్ముడితో పడక వచ్చేశానని ఒక్క ముక్క రాస్తే నిన్నేమన్నా కొరుక్కు తింటానా? వాడు చిన్నప్పటినుంచీ మొండి. అన్నం మీద అలిగితే మా అమ్మ బతిమాలేది, నేను వీపు మీద ఒక్కటిచ్చేదాన్ని. నాకే మాట వినేవాడు. తొందరపడబాక. జాహ్నవి మొహమన్నా చూడు.

ఇంక పగలు పడుకుంటే దాన్ని కునుకంటారు, నిద్రనరు. లెక్కలోకి రాదు.

గాలొచ్చే ఇల్లన్నావు. కిటికీలు ఎటున్నాయి? ఊరికే అడుగుతున్నా. జనవరితో నా ఉద్యోగం అయిపోతుంది, ఈ క్వార్టరు ఖాళీ చేయాలి. మీ అన్నయ్య పోయినప్పటినుంచీ ఇదే గది, ఇదే ఇనుప మంచం, గోడవతల పిల్లల గోల. నాకు ఇల్లంటే ఏంటో మర్చిపోయినట్టుంది. ఈ మధ్య ఎవరన్నా ఇళ్ల కబుర్లు చెబితే వినబుద్ధేస్తోంది.

నీ మేలు కోరే వదిన,
నాగరత్నమ్మ.

*

నరసరావుపేట,
1 సెప్టెంబరు. బయట ఒకటే వాన.

వదినకి,

దణ్ణం తర్వాత పెడతాను, ముందు పోట్లాట. నేను కథలు అల్లేదాన్నా? నా ఇల్లు, నేను కొన్నాను, నేను పాలు పొంగిస్తే తప్పేంటి? అద్దెకొచ్చేవాళ్లు వాళ్ల పాలు వాళ్లు పొంగించుకుంటారు. పొయ్యి కాదంటుందా? నాకంటూ ఒక గుమ్మం కావాలనిపించింది. దానికి నువ్వు కూడా ఏవేవో పేర్లు పెడితే ఎవరితో చెప్పుకోను?

నీ తమ్ముడితో నాకు మాటల్లేవు, అది మాత్రం నిజం. ఆ గోడౌనాయన్ని మళ్లీ తీసుకొచ్చి గోడలు చూపించాడు. నేను చూడకుండా టేపు పెట్టి కొలుచుకున్నారు. ఒళ్లు మండిపోయింది.

తప్పు నాదీ ఉందేమో. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లను నేనే పోగొడుతున్నాను. ఒకాయన "టీవీకి మేకులు ఎక్కడ కొట్టుకోవచ్చు?" అన్నాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఇంకొకావిడ వెనక తలుపు ఎప్పుడూ మూసే ఉంచుతామంది. అలాగైతే గాలి ఎటు పోతుంది? లేదమ్మా, వేరేవాళ్లకి ఇచ్చేశానన్నాను. టులెట్ బోర్డు రాయించి తెచ్చాను గాని తలుపు వెనకే పెట్టాను. మూడు నిద్రలు అయ్యాక తగిలిద్దామని నాకు నేనే ఒక వంక చెప్పుకున్నాను. రెండోది అయింది, మూడోది చేయడం లేదు. వెళ్తాను, చాప పరుస్తాను, కళ్లు మూయకుండా కూర్చుని వచ్చేస్తాను.

రెండో నిద్రలో కల చెప్పనా? బరంపేట మొత్తం ఏటిలాగా పారుతోంది. ఇళ్లన్నీ మెల్లగా నా గుమ్మం ముందు నుంచి కదిలి పోతున్నాయి, లోపల దీపాలతో సహా. ఒక ఇల్లు ఆగింది. అందులోంచి ఎవరో చెయ్యి చాపారు. మొహం కనపడలేదు. నేను చెయ్యి అందించేలోపు మెలకువ వచ్చింది.

కిటికీలు అడిగావు కదా. ఒకటి వీధికి, ఒకటి తూర్పుకి. నువ్వడగడం మంచిదైంది వదినా, బోర్డు మీద "తూర్పు కిటికీ" అని కూడా రాయిస్తాను. అద్దెకొచ్చేవాళ్లు ఇష్టపడతారు.

కోపం తగ్గాక పెట్టిన దణ్ణాలతో,
సుకన్య.

*

హాస్టలు,
12 సెప్టెంబరు.

సుకన్యా,

మాటల్లేవని నువ్వే రాశావు. ఇంక నాకు సాక్ష్యం ఎందుకు? కోటయ్యకి వాడి లారీ ఆఫీసు అడ్రసుకి ఒక ఉత్తరం వేశాను. "ఒరేయ్, నీ పెళ్లాం నిన్నొదిలి బరంపేటలో పాలు పొంగించుకుంది, నువ్వు లారీలు లెక్కపెట్టుకుంటూ కూర్చో" అని రాశాను. నీకు కోపం వస్తే రానీ. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు దిగాలి, వాణ్ణి దించడం నాకలవాటే.

వాడు దిగకపోయినా, నువ్వు ఆ ఇంట్లోనే ఉండదలుచుకున్నా, నిన్ను వెలేసేదాన్ని కాదు. అది కూడా రాస్తున్నా, దాచుకో. రెండు గదులన్నావు. ఒక్కదానికి రెండు గదులు ఎక్కువే కదా. పెద్దదిక్కుగా ఎవరన్నా ఒక ఆడమనిషి ఉంటే ఆ ఇంటికి మంచిది. తూర్పు కిటికీ దగ్గర కూర్చుని కూరగాయలు తరుక్కుంటూ, వచ్చేపోయేవాళ్లను చూసుకుంటూ ఉంటుంది. నువ్వే ఆలోచించు.

నిన్న పగలు నాకూ కునుకు పట్టింది. నీ మాటలు చదివీ చదివీ నేను కూడా ఆ వీధిలో నడిచాను. చేతిలో సంచి ఉంది. ఎవరూ ఎవరింటికమ్మా అని అడగలేదు. బెల్లు మోగితే లేచాను, పిల్లల అన్నాల వేళ.

వదిన.

*

నరసరావుపేట,
29 సెప్టెంబరు, ఆదివారం.

నా పిచ్చి వదినకి, నవ్వుకుంటూ సుకన్య రాసేది.

నీ ఉత్తరం చేసిన పని విను. బుధవారం మధ్యాహ్నం నేను చాప మీద ఊరికే కూర్చున్నదాన్ని ఎప్పుడు ఒరిగిపోయానో తెలియదు. మెలకువ వచ్చేసరికి గురక! చూస్తే గుమ్మానికి అడ్డంగా, చొక్కా విప్పి తలకింద పెట్టుకుని, నీ ఉత్తరం గుండెల మీద పెట్టుకుని నీ తమ్ముడు. అడుగు కూడా పెట్టనన్న మనిషి!

లేపాను. కళ్లు నలుపుకుంటూ "గాలి చానా బాగుందే" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, లేచి కూర్చున్నాడు. "నన్నొదిలేసి పోతున్నావంటగా. అక్క రాసింది. పోట్లాడదామనే వచ్చా. నువ్వు నిద్రపోతన్నావు. నిన్నట్టా నిద్రపోంగా చూసి ఎన్నేళ్లయిందో. లేపబుద్ధి కాలా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నిన్నొదిలి ఎక్కడికి పోతా, మొద్దు మనిషీ" అన్నాను. చాలాసేపు ఇద్దరం ఆ గాలికి అలాగే కూర్చున్నాం. మూడో నిద్ర నాదో ఆయనదో గాని అయిపోయినట్టే. పగటిదైనా సరే, లెక్కలో వేసుకున్నాను. నువ్వేమన్నా అనుకో.

ఆ సాయంత్రమే ఆయనే మేకు కొట్టి బోర్డు తగిలించాడు. మూడో రోజుకే మనుషులొచ్చారు. నజీమా అని చిన్నపిల్ల, దాని మొగుడు సాజిద్ బస్టాండు దగ్గర బండ్ల మెకానిక్కు. ఊరంతా తిరిగారట. పేరు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశామమ్మా" అంటున్నారట. నేను కూడా అందరికీ అదే అబద్ధం చెప్పానని గుర్తొచ్చి తల దించుకున్నాను. వీధిపోటు సంగతి దాచకుండా చెప్పాను. సాజిద్ నవ్వి, "పోటేంది మేడం, గాలేగా వచ్చేది" అన్నాడు.

వాళ్లతో సాజిద్ వాళ్లమ్మ జమీలా ఉంది. పెద్దావిడ, ఎంత నెమ్మదో! తిన్నగా పోయి తూర్పు కిటికీ దగ్గర కూర్చుంది. ఆవిడ్ని చూడగానే నీ మాట గుర్తొచ్చింది. పెద్దదిక్కుగా ఒక ఆడమనిషి ఉంటే ఇంటికి మంచిదన్నావు కదా. ఇంకేం ఆలోచించలేదు వదినా, అక్కడికక్కడే తాళం చేతిలో పెట్టాను. పాలు పొంగించడం మాకు అలవాటు లేదక్కా అంటూనే నజీమా నా కోసం పొంగించింది, ఆ పాలలోనే సేమ్యా వేసి అందరికీ పెట్టింది.

ఇల్లు నిలబడింది. ఇంక గోడౌనూ లేదు, దిగులూ లేదు. అంతా నీ సలహా పుణ్యమే.

నీ మాట జవదాటని మరదలు,
సుకన్య.

*

హాస్టలు,
28 సెప్టెంబరు.

సుకన్యా,

కోటయ్య రెండు ముక్కలు రాశాడు. "అక్కా, అది నన్నొదల్లేదు. నిజంగానే అద్దెకిచ్చే ఇల్లే" అని. నా తెలివి తెల్లారినట్టే ఉంది. పాలు పొంగించిన ప్రతిదీ కాపురం కాదని ఈ వయసులో తెలుసుకున్నాను. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా.

అయితే మరి అది నిజంగా అద్దె ఇల్లే కదా. ఇంక నేను మెలికలు తిరగకుండా అడుగుతా. ఆ ఇల్లు నాకు అద్దెకివ్వు.

రెండు ఉత్తరాల నుంచీ అడుగుదామని చూస్తున్నా, కలం అటు పోయి ఇటు వస్తోంది. ఊళ్లో ఎవరూ ఒంటి ఆడదానికి ఇల్లివ్వరు. తమ్ముడింట్లో చేరిన అక్క అనిపించుకోనని మీ అన్నయ్య పోయిన రోజే ఒట్టు పెట్టుకున్నాను. నువ్వు ఓనరు, నేను అద్దె మనిషిని. ఎవరి గుమ్మం వాళ్లదే. అందరూ ఇచ్చినంతే ఇస్తా, తగ్గిస్తే ఊరుకోను. ఏ మేకూ కొట్టను. వెనక తలుపు మూయను.

రోజూ రాత్రి పడుకునే ముందు ఆ ఇంట్లో సామాను సర్దుకుంటున్నాను సుకన్యా. నాకున్నది ఒక ట్రంకుపెట్టె. అయినా సర్దడం తెమలడం లేదు.

వెంటనే జవాబు రాయి.

నాగరత్నమ్మ.

*

నరసరావుపేట,
6 అక్టోబరు.

వదినా,

మన ఉత్తరాలు రెండూ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. నాది నీకు అందే ఉంటుంది. అది చదివి నువ్వెలా ఉన్నావో తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

కిటికీలు ఎటున్నాయి అంటే బోర్డు మీద రాయించాను. పెద్దదిక్కు అంటే ఇంకొకరి అత్తగారిని తెచ్చి కూర్చోబెట్టాను. ఇంత మొద్దుని నేను ఇళ్ల వ్యాపారం చేస్తానట! నువ్వు తిన్నగా అడిగితే ఏం పోయేది? నేను తిన్నగా చదివితే ఏం పోయేది?

నీ ఉత్తరం చూసిన వెంటనే చెప్పులేసుకుని బరంపేట పోయాను. ఖాళీ చేయమని అడుగుదామనే పోయాను, నీ మీద ఒట్టు. వీధి మొదట్లోనే గాలి ఎదురొచ్చింది. జమీలమ్మ కిటికీ దగ్గర కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. నజీమా ఫోనులో ఎవరితోనో చెబుతోంది. "మా ఇల్లు కనుక్కోవడం చానా ఈజీ. వీధెంట తిన్నగా రా, ఇంక పోవడానికి దారుండదు, అదే మా ఇల్లు."

మా ఇల్లు అంది వదినా. నా ఇంటిని. నాకు కోపం రావాలి, రాలేదు. నేను ఇన్నాళ్లూ మిషను మీద కన్న కలలో ఒక్కో గుమ్మంలో ముగ్గు వేసే వాళ్లు ఇలాగే అనుకుని ఉంటారు. ఖాళీ చేయమని అడగలేదు. నజీమా ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

అయినా నువ్వు ఊఁ అను. జనవరిలోపు ఎలాగో చెబుతాను. ఏడ్చుకుంటూనైనా ఖాళీ చేయిస్తాను. నువ్వు ముందు నాకు.

సుకన్య.

*

హాస్టలు,
16 అక్టోబరు.

సుకన్యకి, వదిన రాసేది.

ఖాళీ చేయించావంటే నీ గడప తొక్కను. పాలు పొంగిన ఇంట్లోంచి ఆ పిల్లని లేపి నేను వెళ్లి పడుకుంటే నాకు నిద్ర పడుతుందా? పగటిదీ పట్టదు, రాత్రిదీ పట్టదు.

నీ ఉత్తరం చదివిన రోజు బాధ పడలేదని అబద్ధం చెప్పను. ట్రంకుపెట్టె మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఒక చిన్నపిల్ల వచ్చి "మేడం, ఎవరన్నా కొట్టారా?" అని అడిగింది. నాకే నవ్వొచ్చింది.

తర్వాత ఆలోచించాను. నేను అడగడానికి సిగ్గుపడ్డాను, అదీ జరిగింది. ఒంటి ఆడదానికి ఇల్లివ్వరు అని ఊరిని తిట్టుకున్నాను గాని, నాకు ఇవ్వగల మీ ఇద్దరినీ నోరు తెరిచి అడగనేలేదు. నా ఒట్టు నన్ను కాపాడిందనుకున్నాను. అది నన్ను ఇనుప మంచానికి కట్టేసింది.

కాబట్టి ఇప్పుడు సిగ్గులేకుండా, మెలిక లేకుండా అడుగుతున్నా. నువ్వు రెండో ఇల్లు కొనేదాకా మీ ఇంట్లో నన్ను ఉండనిస్తారా? మిషను పక్కన కాస్త చోటు చాలు. కాజాలు కుడతా, హుక్కులు వేస్తా. ఆ రెండో ఇంటికి మాత్రం మొదటి అద్దె మనిషిని నేనే. ముందే చెబుతున్నా, మళ్లీ ఏ పెద్దావిడకీ ఇవ్వబాక.

కోటయ్యకి చూపించు. వాడు ఏమంటాడో ఉన్నదున్నట్టు రాయి.

నాగరత్నమ్మ.

*

నరసరావుపేట,
27 అక్టోబరు, ఆదివారం.

వదినా,

ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయమన్నావు, రాస్తున్నా.

ఉత్తరం చేతికిచ్చాను. నిలబడే చదివాడు. "ఉండనిస్తారా అని అడిగిందా? అక్క? నన్ను?" అన్నాడు. మళ్లీ మొదట్నుంచి చదివాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి మొహం కడుక్కుని సైకిలెక్కి ఎటో పోయాడు. చీకటి పడేవేళకి రిక్షాలో నవారు మంచం వేయించుకుని వచ్చాడు. ఇనుపది చూపిస్తే వద్దన్నాడట.

ఇప్పుడు నా మిషను వంటింటి గోడకి జరిగింది. దాని చోట్లో మంచం పడింది. మన ఇంట్లో గాలి అంత రాదు వదినా, నిజం చెప్పాలి. రోడ్డు మీద ఆటోల గోల కూడా. రెండో ఇంటి కోసం వెతుకులాట మొదలుపెట్టాను, ప్రకాష్‌నగర్ వైపు ఒకటుందట. నువ్వు లేకుండా చూడనని చెప్పి పంపాను. ఈసారి ఇద్దరం కలిసే లోపలికి పోదాం.

నీ తమ్ముడు నేను రాస్తుంటే పక్కన నిలబడి చూస్తున్నాడు. ఒక మాట రాయమంటున్నాడు, ఆయన మాటగానే రాస్తున్నా:

"అక్కా, ఇంకెప్పుడూ నన్ను అట్టా అడగబాక. జనవరి దాకా ఎందుకు, దీపావళి పండక్కి సెలవులిస్తారుగా, రేపే వచ్చెయ్."

సుకన్య,
కోటయ్య.